వంతెన దాకా వేడినీళ్లు

పెడలు గిర్రున తిరుగుతోంది. చక్రం మాత్రం ఉలకదు, పలకదు.

ఆ సైకిల్ని సగం ఈడ్చి సగం మోసి, పరాయి దేశపు పొట్టి మనిషి ఒకడు కలెర్వో సైకిల్ కొట్టు తలుపు తోశాడు. బయట ఇంకా చీకటే. మైనస్ ఇరవై తొమ్మిది డిగ్రీలు. వచ్చినవాడి కనుబొమలకు మంచు పట్టింది. వీపున పెద్ద సంచి ఉంది.

“ముందు తలుపెయ్యి! వేడి ఊరికే వస్తోందనుకున్నావా?”

కలెర్వో పలకరింపు ఎవరికైనా అంతే.

ఉత్తరాది మంచుదేశంలోని ఆ ఔలు పట్నంలో సైకిల్ బాగుచెయ్యడంలో అతన్ని మించినవాడు లేడు. నోటి దురుసులోనూ లేడు. ఆ నోరు మెత్తబడేది ఒక్క అక్క హెల్వి దగ్గరే. తల్లి పోయాక ఎత్తుకు పెంచిన మనిషి. ఇప్పుడామెకు మతి నిలవడం లేదు. రోజూ ఏడింటికి అతను కొట్టుకు వస్తే, ఎనిమిదింటికి నర్సు సిర్పా కారులో వచ్చి ఆమెను చూసుకుంటుంది. కాస్త ఆలస్యమైతే చాలు, కారు కనిపిస్తుందేమోనని అక్క గేటు దాకా వెళ్లిపోతుంది. చలీ మంచూ ఆమెకు గుర్తుండవు.

ఇక పరాయి దేశాల నుంచి వచ్చి సైకిళ్ల మీద తిండి పొట్లాలు చేరవేసేవాళ్లంటే కలెర్వోకు ఒళ్లు మంట.

“ఇంత పొద్దున్నే ఎవరికయ్యా పిజ్జా?” అన్నాడు.

పొయ్యి పక్కన కాఫీ తాగుతున్న స్నేహితుడు తైస్తో కిసుక్కున నవ్వాడు.

“పిజ్జా కాదండీ. ఎనిమిదింటికల్లా ఒకచోట ఉండాలి. తొక్కుతుంటే పెడలు ఊరికే జారిపోతోంది.”

“రాత్రి సైకిలెక్కడ పెట్టావు?”

“ఇంట్లో, మెట్ల కింద. వెచ్చగా ఉంటుందని.”

“విన్నావురా తైస్తో! పక్కలో పడుకోబెట్టుకుని దుప్పటి కప్పలేదూ?”

చలికాలంలో సైకిల్ని గడప దాటనివ్వకూడదని ఆ ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. లోపలికి తెస్తే మంచు కరిగి వెనక చక్రం నడిమధ్య ఉండే హబ్బులోకి దిగుతుంది. బయటికి తీయగానే గడ్డకట్టి, చక్రాన్ని పట్టి తిప్పే చిన్న కొక్కేలను బిగించేస్తుంది. దానికి వైద్యం ఒకటే. చక్రం ఊడదీసి, ఆరబెట్టి, చిక్కటి గ్రీజును కిరసనాయిలుతో కడిగి, పల్చటి నూనె వెయ్యాలి. కలెర్వో చేతికి అరగంట పని.

“అరగంట ఆగలేనండీ. వేరే సైకిల్ ఏదైనా ఇస్తారా? మధ్యాహ్నానికి తెచ్చి అప్పజెప్తాను.”

గోడకు ఆరు సైకిళ్లు వేలాడుతున్నాయి.

“అవి మనుషులకు,” అన్నాడు కలెర్వో.

వచ్చినవాడు గోడ గడియారం వైపు చూశాడు.

“ఒక మనిషి ఒంటరిగా ఉంటారండీ. నేను వెళ్లాలి.”

“ఎవరా మనిషి?”

“చెప్పకూడదండీ.”

“ఓహో, చెప్పకూడని మనిషా! మొగుడు పనికి వెళ్లిపోయాడా?”

తైస్తోకు కాఫీ పొలమారింది. బల్ల మీద కలెర్వో ఫోను ఎప్పటినుంచో మినుకుమినుకుమంటోంది. చేతికి గ్రీజు ఉండగా దాన్ని ముట్టుకోవడం అతనికి అలవాటు లేదు.

“సరే, పాపం. నిమిషంలో పంపిస్తా.”

తైస్తోకు కన్నుకొట్టి, పొయ్యి మీది కెటిల్ తీసి, మరుగుతున్న నీళ్లు హబ్బు మీద గుమ్మరించాడు. ఆవిరి గుప్పున లేచింది. పెడలు తిప్పితే చక్రం బుద్ధిగా తిరిగింది.

వచ్చినవాడి మొహం విప్పారింది. కలెర్వో గ్రీజు చేతిని రెండు చేతులా పట్టుకున్నాడు.

“మీరు చల్లగా ఉండాలండీ. మీవాళ్లందరూ చల్లగా ఉండాలి.”

అని బయటికి ఉరికాడు.

“ఎంతదూరం పోతాడంటావు?” అన్నాడు తైస్తో.

“వంతెన దాకా. అక్కడి గాలికి ఆ నీళ్లన్నీ రాయైపోతాయి. ఇక సుత్తి పెట్టి కొట్టినా కదలదు.”

ఇద్దరూ కిటికీ అద్దం తుడుచుకుని చూశారు. వంతెన దీపాల వెలుగులో, సైకిల్ వెనక ఎర్ర దీపం నడిమధ్య ఆగింది. మనిషి దిగాడు. వంగి చూశాడు. కాలితో తన్నాడు. చివరికి సైకిల్ని కమ్మీకి ఆనించి, సంచి బిగించుకుని పరుగందుకున్నాడు. జారి పడ్డాడు. లేచి మళ్లీ పరుగెత్తాడు.

“పిజ్జా చల్లారిపోతుంది, పాపం!” అన్నాడు కలెర్వో.

కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వుకున్నారు.

తొమ్మిదింటికి ఫోను మోగింది. పక్కింటి లెంపి.

“కలెర్వో... హెల్వి గేటు దగ్గర పడిపోయింది. కాళ్లకు మేజోళ్లు తప్ప ఏమీ లేవు. ఎంతసేపు నిలబడిందో ఏమో. అంబులెన్సు వాళ్లు వచ్చారు. ఇక లాభం లేదన్నారు నాయనా.”

“ఎనిమిదింటికి నర్సు రావాలిగా!”

“సిర్పా కారు రాలేదు. ఎవరో ఒకాయన పరుగెత్తుకొచ్చి, తన కోటు విప్పి కప్పాడు. అంబులెన్సు వచ్చేదాకా గుండె నొక్కుతూనే ఉన్నాడు. ఇప్పుడు మంచులో కూర్చుని ఏడుస్తున్నాడు.”

కలెర్వో చెవికి అదేదీ ఎక్కలేదు.

“ఆ సిర్పాను వదలను! ఒక ప్రాణం చేతిలో పెడితే ఇదా చేసేది? మనుషులేనా వీళ్లు?”

ఆమె నంబరు కోసం ఫోను తెరిచాడు. తను ఇల్లు కదలకముందే నర్సుల ఆఫీసు పంపిన కబురు, విప్పకుండా అలాగే ఉంది.

“సిర్పాకు జ్వరం, మీ అక్కగారిని ఒంటరిగా వదిలి వెళ్లకండి, ఆమె బదులు పంపుతున్న నర్సు రొడెల్‌కు మంచు దారి కొత్త, పైగా వచ్చేది సైకిల్ మీద.”