బ్లూబెర్రీలకు అర్హులు

బెజవాడ ఎండలో, బాల్కనీలో చల్లని గాజుపెట్టె పెట్టించి, మూడేళ్లకు సువర్చల ఒక బ్లూబెర్రీ మొక్కను కాపుకు తెచ్చింది. తొడిమ దగ్గర ఎరుపు పూర్తిగా పోయిన పళ్లు ఎనిమిది ఏరి, పైనున్న బూడిద పూత చెదరకుండా, కడగకుండా ఫ్రిజ్‌లో దాచింది. సాయంత్రం భర్త కోదండపాణి రాగానే చెరి నాలుగు తినాలని ఆమె ఆశ.

సాయంత్రం ఫ్రిజ్ తెరుచుకోలేదు. ఫ్రిజ్‌లు మనుషుల మనసు పసిగట్టి మాట్లాడే ఆ రోజుల్లో, ఇంటివాళ్ల ఆరోగ్యం మీద ఇంటివాళ్లకంటే ఫ్రిజ్‌లకే బెంగ ఎక్కువ.

“పళ్లు బాగానే ఉన్నాయండీ,” అంది ఫ్రిజ్ ఎంతో మర్యాదగా. “మీరే బాగాలేరు. ఇంత చిరాకులో తింటే పండు దండగ.”

“నా చిరాకు నీవల్లే!” అని అరిచింది సువర్చల.

“చూశారా, ఇంకా పెరిగింది,” అని ఫ్రిజ్ నొచ్చుకుంది.

ధ్యానం చేద్దామన్నాడు కోదండపాణి. ఇద్దరూ ఫ్రిజ్ ముందు కళ్లు మూసుకుని కూర్చున్నారు. ఆమెకు ఒళ్లు మండింది. ఆయనకు కునుకు పట్టింది. ఆయన ప్రశాంతతను మెచ్చుకుని, ఫ్రిజ్ నాలుగు పళ్లు బయటికి తోసింది.

“చెరి రెండు తిందాం, రా,” అన్నాడాయన లేచి.

“ఆవిడకు పెడితే రేపు పాలు కూడా ఇవ్వనండీ,” అంది ఫ్రిజ్.

రేపటి కాఫీ తలుచుకుని ఆయన చెయ్యి ఆగింది. సువర్చల బాల్కనీలోకి వెళ్లి, కొమ్మకు మిగిలిన ఎర్రటి దోరకాయల్లో ఒకటి తెంపి నోట్లో వేసుకుంది. పులుపుకు కళ్లు మూతపడ్డాయి.

పళ్లు బల్ల మీద వదిలేసి ఆయనా వచ్చాడు. “ఎలా ఉంది?”

“ఘోరంగా ఉందండీ,” అంటూ ఆమె ఆయనకొకటి, తనకొకటి తెంపింది.