లోపలి గడియ

రోడ్డు వెంట చుట్టుకొని పోతే సంతలో గాజులు అమ్మి మిగిల్చేదంతా పెట్రోలుకే పోతుందని, మౌలా సాహెబ్ కృష్ణా నది రేవులో తన స్కూటరును పడవ ఎక్కించాడు. అప్పటికే చీకటి పడింది.

"పొద్దున పోదాం సాయిబూ. అడుగున మునిగిన ఊరుండాది," అన్నాడు పడవ నడిపే సుంకన్న.

"ఆ ఊరు నాదే కదప్పా. నా ఇంటి మీద పోయేకి నాకేం భయం? ప్రాజెక్టు నీళ్లొచ్చిన నాడు బీగమేసి వచ్చినా. తాళంచెవి ఇదో, జేబులోనే ఉండాది."

నడి ఏట్లో ఇంజను ఆగిపోయింది. గాలి కూడా లేదు. ఎండాకాలం కదా, నీళ్లు తక్కువేనని సుంకన్న గెడ దించాడు. అది అడుగున చెక్కకు తగిలి, తలుపు తట్టినట్టు టక్కుమంది.

కాసేపటికి కింద నుంచి గడియ తీస్తున్న చప్పుడు వచ్చింది. కిర్రుమంది, సగంలో పట్టేసింది, మళ్లీ కిర్రుమంది. సగంలో అట్లా పట్టేసే లోపలి గడియ ఆ ఊరంతటికీ మౌలా సాహెబ్ ఇంట్లోనే ఉండేది.

"పలకొద్దు సాయిబూ," అని గొణిగాడు సుంకన్న.

మౌలా సాహెబ్ తాళంచెవిని పిడికిట్లో బిగించి, పడవ అంచు మీదుగా నీళ్లలోకి వంగాడు.

"బయట బీగమేసింది నేను. లోపల ఉండేది ఎవర్రా?"