టెస్ట్ ఫైలు

"మళ్లీ జోరీగే," అంది పక్కసీటావిడ, ఫోను మెరుపుకు అందిస్తూ.

కంపెనీ కంప్యూటర్లకు ఏ జబ్బు చేసినా చూసే హెల్ప్‌డెస్క్ అది. ఫిర్యాదులు అందరికంటే ముందు మూసేస్తాడని అతనికి మెరుపు అని పేరు. ఆ శుక్రవారం పొద్దుటి నుంచీ చెవి వదలకుండా మోగుతున్నాడని, ఫ్యాక్టరీ నుంచి ఫోన్ చేస్తున్న పెద్దాయనకు జోరీగ అని పేరు. అసలు పేరేమిటో, అక్కడ ఏం ఉద్యోగమో ఎవరూ అడగలేదు. ఫిర్యాదుకు నంబరుంటే చాలు, మనిషికి పేరెందుకు?

ఆయన బాధ ఒక్కటే. సాయంత్రం ఐదులోపు ఒక ఫైలు హెడ్డాఫీసు ఫోల్డర్లో పడాలి. ఫ్యాక్టరీ నుంచి ఏది పంపినా వీపీఎన్‌లోంచే పంపాలి. అంటే ఇంటర్నెట్ అనే పెద్ద రోడ్డు మీద కంపెనీ తన కోసం కట్టుకున్న చాటుదారి. ఆ దారిలో ఫైలు నత్తనడక నడుస్తోంది. సగం దూరం వెళ్లి చతికిలబడుతోంది.

"ఐదు దాటితే నేను చెప్పినా చెప్పనట్టే బాబూ," అన్నాడు జోరీగ. "అందులో ఏముందంటే..."

"లోపల ఏముందో నాకనవసరం సార్. సైజెంతో చెప్పండి."

పక్కసీటావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

మెరుపుకూ ఆ రోజు ముఖ్యమైనదే. సాయంత్రానికి ఒక్క ఫిర్యాదు కూడా మిగలకపోతే టీమ్ లీడర్‌ని చేస్తానని మేనేజర్ మాటిచ్చింది. మిగిలింది ఈ ఒక్కటే.

వైఫై తీసేసి వైరు పెట్టమన్నాడు. పెద్దాయన బల్ల కింద దూరి పెట్టాడు. ఆయాసం ఫోన్లో వినిపించింది. రూటర్ ఆపి మళ్లీ వెయ్యమన్నాడు. వీపీఎన్ తెంచి మళ్లీ కలపమన్నాడు. ఆ ఫైలుకు జతచేసిన అన్ని ఫొటోలు విడివిడిగా పంపితే ఇలాగే ఏడుస్తుందని, అన్నింటినీ ఒకే కట్టగా కట్టమన్నాడు. అదెలాగో తెలియదంటే, మీ మనవణ్ణి అడగండి సార్ అన్నాడు. పక్కసీటావిడ మళ్లీ నవ్వింది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

జోరీగ కోపగించుకోలేదు. చెప్పిందల్లా చేశాడు. మధ్యమధ్యలో టైమెంతయిందని మాత్రం అడిగాడు.

చివరికి రోగం దొరికింది. దారి సన్నం, వెళ్లే మూటలు పెద్దవి. సందులో పట్టని ప్రతి మూటనూ విప్పి, రెండు చేసి, అవతల మళ్లీ కట్టుకోవడంతోనే పొద్దు గడిచిపోతోంది. మెరుపు మూట సైజు తగ్గించాడు. పనిమంతుడే, కాదనలేం.

"ఇప్పుడా ఫైలు నా టెస్ట్ ఫోల్డర్లో వెయ్యండి సార్. స్పీడు చూస్తా."

ఈసారి ఫైలు పరుగెత్తుకుంటూ వచ్చింది. ఐదు కావడానికి ఇంకా కాస్త టైముంది.

"చేరిందా బాబూ?"

"చేరింది సార్."

"హెడ్డాఫీసుకు మళ్లీ వేరేగా పంపాలా?"

మెరుపు ఒక్క క్షణం ఆలోచించాడు. మళ్లీ పంపితే, ఈసారి మళ్లీ చతికిలబడితే, ఫిర్యాదు మళ్లీ తెరుచుకుంటుంది. చేతికందిన పదవి నోటికందకుండా పోతుంది.

"చేరిందన్నాను కదా సార్. ఇంకేం అక్కర్లేదు."

అవతల పెద్దాయన గట్టిగా ఊపిరి వదిలాడు.

"బతికించావు నాయనా," అన్నాడు.

మెరుపు ఫోన్ పెట్టేసి, స్పీడు బాగుందని రాసి ఫిర్యాదు మూసేశాడు. టెస్ట్ ఫైళ్లు ఎవరూ దాచుకోరు. తెరిచైనా చూడకుండా దాన్ని చెరిపేసి చేతులు దులుపుకున్నాడు. మేనేజర్ మాట తప్పలేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

సోమవారం ఉదయం ఫ్యాక్టరీలో బాయిలర్ పేలింది.

క్యాంటీన్ టీవీ ముందు ఆఫీసంతా నిలబడింది. తెల్లగుడ్డలు కప్పి మనుషుల్ని వరసగా మోసుకొస్తున్నారు. మరమ్మతు చేసిన బాయిలర్‌ని వెలిగించే ముందు, అభ్యంతరం చెప్పడానికి తనిఖీ అధికారికి శుక్రవారం సాయంత్రం ఐదు దాకా గడువిచ్చామని కంపెనీ పెద్ద చెబుతున్నాడు. ఆయన నుంచి ఏమీ రాలేదట. రాకపోతే ఒప్పుకున్నట్టేనట.

అందరికంటే పెద్దగొంతుతో తిట్టింది మెరుపే.

"వాడేం గాడిదలు కాస్తున్నాడు? ఒక్క ముక్క పంపడానికి చేతులు పడిపోయాయా? ఇలాంటివాళ్లని ఆ చచ్చినోళ్ల పెళ్లాలకే అప్పగించాలి."

అప్పటికే అప్పగించారు. టీవీలో, ఫ్యాక్టరీ గేటు దగ్గర పోలీసులు ఒక ముసలాయన్ని వ్యాన్ వైపు లాక్కెళ్తున్నారు. ఆడవాళ్లు మీదపడి రక్కుతున్నారు. చొక్కా చిరిగింది. ఒకామె మొహం మీద ఉమ్మేసింది. ఆయన తుడుచుకోలేదు. ఆమె వైపే తిరిగి చేతులు జోడించాడు.

"పంపానమ్మా," అన్నాడు. "చేరిందన్నారు."

పక్కసీటావిడ నవ్వు మొహం మెల్లగా మెరుపు వైపు తిరిగింది. అందులో ఇప్పుడు నవ్వు లేదు.

"ఈ గొంతు..." అంది.

"నేనెప్పుడూ వినలేదు," అని మెరుపు రిమోట్ అందుకుని టీవీ నోరు నొక్కేశాడు.

ఆ బాయిలర్‌ని ఆపగలిగిన మనిషి కంపెనీ మొత్తానికి ఒక్కడే ఉన్నాడు, ఆ ఒక్కడూ శుక్రవారమంతా ఈ హెల్ప్‌డెస్క్‌కే ఫోన్ చేస్తూ కూర్చున్నాడు.