తలుపుకు తెలియని రక్తం

వైరస్ కాలం; షుగర్ ఉన్నవాళ్లకు ముప్పెక్కువ. షుగర్ జాబితాలో పేరెక్కినవాళ్లు బయటికి పోవాలంటే తలుపుకు రక్తపు చుక్క చూపించాలి. రెండొందలు దాటితే అది తెరుచుకోదు. గట్టమ్మకు ఇన్సులిన్ అయిపోయి నాలుగు రోజులు. రోగి స్వయంగా వస్తేనే ఆస్పత్రిలో ఇస్తారు. మందు లేనిదే షుగర్ దిగదు, షుగర్ దిగనిదే తలుపు కదలదు. ఇదీ మనల్ని కాపాడే తీరు!

"నా రక్తం పెడ్త అత్తమ్మా," అంటూ జాబితాలో లేని కోడలు సారవ్వ వేలు పొడుచుకుంది.

"గట్టమ్మ గారూ, మీకు రెండొందల తొంభై. లోపలే ఉండండి," అంది తలుపు.

గట్టమ్మ నిర్ఘాంతపోయింది. "ఓసినీ, నీకూ ఉన్నదే! ఉరుకు, మందు తెచ్చుకో."

"మందు అడిగితే పేరు రాస్తరు." తలుపు వింటుందని సారవ్వ గొంతు తగ్గించి, వేలు కొంగులో దాచుకుంది. "నా పేరు గూడ ఎక్కితే ఇగ మనకు బియ్యం తెచ్చేదెవరు?"