ఉండలు లేని జావ

భార్య నోట్లోంచి జావ మళ్ళీ బయటికే వచ్చేసింది.

దర్జీ తువ్వాలుతో ఆమె గడ్డం తుడిచాడు. పక్షవాతం నుంచి కాస్త తేరుకుంది గానీ, గొంతు మాత్రం మాట వినడం లేదు.

"సాయంత్రానికి గిన్నెడు జావైనా మింగకపోతే ముక్కులో గొట్టం వెయ్యక తప్పదు," అని చెప్పి వెళ్ళాడు డాక్టరు.

గొట్టం అన్న మాటకి ఆమె కళ్ళు భర్త మొహం మీదే నిలిచిపోయాయి.

ఆ చూపు వెన్నంటి వస్తుంటే అతను వార్డు వంటగదికి నడిచాడు. రోగులకి తోడున్నవాళ్ళు వండుకునే గది అది.

జావ కలుపుతూ వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో ఒక పెద్దావిడ. అడుగుల చప్పుడే కాలేదు. మెడ చుట్టూ శాలువా, చేతిలో పిడి ఉన్న స్టీలు జల్లెడ.

"ఏం నాయనా, ఆ ఉండలతో గోళీలాడతావా?" గొంతులో మాటకన్నా గాలే ఎక్కువ.

"బట్టయితే ఎంత నాజూగ్గానైనా కుడతానమ్మా. ఇది చేతికి లొంగడం లేదు."

"ఇందులో పోసి, గరిటె వెనకవైపుతో రుద్దు."

ఉండలు పైన ఆగిపోయి, జావ పట్టుదారంలా కిందికి దిగింది.

"ఇది టీ వడగట్టేదే కదమ్మా?"

"ఒక్క టీతోనే సరిపెడితే ఎలా? మరిగే నీళ్ళ మీద పెట్టి యాపిల్ ముక్కలు వెయ్యి, ఆవిరికే మెత్తబడతాయి. పాల మీద బోర్లించు, ఈగ వాలదు. తీరికుంటే నీ బొత్తాలు కూడా కడిగిపెడుతుంది."

చాలా రోజుల తర్వాత దర్జీ నవ్వాడు. చెంచాతో కాస్త జావ తీసి ఆవిడకి అందించాడు.

"ఉప్పు సరిపోయిందేమో చూడండి."

"నువ్వే చూసుకో."

"దర్జీ చేతి వంటని మొహమాటమా?"

కాస్త గుచ్చుకునేలాగే అన్నాడు.

ఆవిడ గిన్నె మీదికి వంగి, కళ్ళు మూసుకుని, ఆవిరి పీల్చింది. ఎంతసేపటికీ తల ఎత్తలేదు.

"మీవాళ్ళు ఎక్కడున్నారమ్మా?" అన్నాడు, ఏదో ఒకటి అనాలని.

"చివరి గది."

"వాళ్ళకేం వండరా?"

"ఆ గదికి వంటతో పని లేదు. వెళ్ళు, గోరువెచ్చగా ఉండగానే పట్టించు. తల పైకెత్తకు, కాస్త కిందికి వంచు."

ఆ సాయంత్రం భార్య గొంతు కదిలింది. ఒక్కో చెంచా లోపలికి దిగి, చివరికి గిన్నె అడుగు కనిపించింది. గొట్టం ఊసు ఇక రాలేదు.

తర్వాత కూడా ఆవిడ అలాగే వచ్చేది. జల్లెడ ఇచ్చేది, వాసన చూసేది, వెళ్ళిపోయేది. పెదవికి చెంచా తగలనివ్వలేదు. అతనికి ఆ కినుక మాత్రం ఉండిపోయింది.

ఇంటికి పంపే రోజున భార్య వంకర తిరిగిన నోటితోనే కూడబలుక్కుని అంది.

"ఆవిడకి... గ్లాసుడు సూపు... ఇచ్చి రండి."

చివరి గదిలో నర్సు ఖాళీ మంచం మీద దుప్పటి మడతపెడుతోంది.

"ఈ పేషెంటుకి తోడుగా ఉండే పెద్దావిడ ఏరమ్మా? శాలువా కప్పుకుని ఉంటారు."

నర్సు చేతులు ఆగిపోయాయి.

"తోడా? ఈ పేషెంటుకి నా అన్నవాళ్ళే లేరు బాబాయ్. పొద్దున్నే ప్రాణం పోయింది."

గ్లాసులో సూపు ఇంకా పొగలు కక్కుతోంది.

"మీరడిగే ఆవిడే పేషెంటు, గొంతు పూర్తిగా మూసుకుపోయి, నోట్లో చుక్క నీళ్ళు పోసుకునే వీల్లేక, పొట్టకి వేసిన గొట్టంతోనే ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చారు."