ఎలుగుబంటి లేని వాక్యం

టీచరమ్మ ‘బేర్ అవుట్’తో వాక్యం చెప్పమంటే, “ఎలుగుబంటి బయటికొచ్చింది” అని ఇంగ్లీషులో చెప్పేసి దర్జీ కూర్చోబోయాడు. సాయంత్రం ఇంగ్లీషు క్లాసంతా గొల్లుమంది.

టీచరమ్మ నవ్వాపుకుని అతన్ని మళ్ళీ నిలబెట్టింది. ‘బేర్ అవుట్’లో ఎలుగుబంటి లేదనీ, మనం అనుకున్నది నిజమేనని ఏదైనా రుజువు చేస్తే, అది మన మాటను బేర్ అవుట్ చేసినట్టనీ విడమరిచి చెప్పింది. వానొస్తుందని మీరన్నారు, వచ్చింది, ఆ వాన మీ మాటను బేర్ అవుట్ చేసిందన్నమాట అంది. దర్జీ తలూపాడు గానీ బుర్రలోంచి ఎలుగుబంటి కదల్లేదు.

కళ్ళు మూసుకునైనా సూదిలో దారం ఎక్కించగల మనిషే. ఈ ఇంగ్లీషు మాత్రం తలకెక్కదు. ఇక తన వల్ల కాదని, రేపట్నించి రానని, ఇంటికి ఒకరు నేర్చుకుంటే చాలని అందరి ముందే తేల్చేశాడు.

పక్కన కూర్చున్న భార్య అతని చొక్కా పట్టుకుని కిందికి లాగింది. తను లేచింది.

“నేను చెబుతానండీ.”

తడుముకుంటూ తడుముకుంటూ ఇంగ్లీషులోనే చెప్పింది. తనకో అనుమానం ఉండేదట. పొద్దున డాక్టరమ్మ చేసిన పరీక్ష దాన్ని బేర్ అవుట్ చేసిందట.

దర్జీ నోరు తెరిచాడు. రోజూ తన పక్కనే గుండీలు కుట్టే మనిషి ఇంత ఎప్పుడు నేర్చింది? పైగా ఆ డాక్టరమ్మనెక్కణ్ణించి పట్టుకొచ్చిందో!

టీచరమ్మకు ముచ్చటేసింది. జరిగిపోయిన సంగతి కాబట్టి ‘బోర్ అవుట్’ అనాలని దిద్దింది. ఆ అనుమానమేమిటో కూడా చేరిస్తే వాక్యం నిండుగా ఉంటుందంది.

భార్య కాసేపు వేళ్ళు మెలిపెట్టుకుంది. ఇంగ్లీషు వదిలేసి, “మేమిద్దరం ముగ్గురం కాబోతున్నామని” అంది.

క్లాసు చప్పట్లు కొట్టింది. అందరికంటే గట్టిగా కొట్టింది దర్జీయే. ఆవిడ కూర్చోగానే, చప్పట్లు ఆపకుండానే చెవి దగ్గరికి వంగాడు.

“భలే కల్పించావే. వాక్యమంటే అలా ఉండాలి.”

ఆమె అతని చేతులు రెండూ పట్టుకుని ఆపింది.

“కల్పించలేదండీ.”