అన్న చెబితేనే

అద్దం ముందు నిలబడి, నోటినిండా నురగతో, భర్త మళ్లీ గట్టిగా అన్నాడు. "నేను గెలుస్తున్నాను."

గెలుపు సంగతేమో గానీ, నురగ మాత్రం అద్దమంతా చిందింది. ఆమె తడిగుడ్డ తెచ్చి తుడవబోతే, అతని పళ్లసందుల్లోంచి ఊడిపడ్డ రాత్రి భోజనం ముక్క ఒకటి అద్దానికి అతుక్కుని కనిపించింది. ఛీ, పొద్దున్నే ఏమిటీ దరిద్రం అనుకుంది. అనుకుంటూనే తుడిచింది.

కిటికీ గట్టు మీద ఫోను వాగుతూనే ఉంది. అందులోది 'అన్న' గొంతు. ఆ అన్న మొహం ఎవరూ చూడలేదు, ఊరూ పేరూ ఎవరికీ తెలియవు. తెల్లారేసరికి వేలమంది చెవుల్లో దూరి, బతుకులో అన్నిట్లోనూ నెగ్గే అలవాట్లు నేర్పుతాడు. విజేతలారా, సూర్యుడికంటే ముందు లేవండి. విజేతలారా, చన్నీళ్లు పోసుకోండి. ఆ 'విజేతలారా' చెవిన పడినప్పుడల్లా ఆమె మొహం చిట్లించేది.

భర్త పరుపుల దుకాణంలో సేల్స్‌మాన్. మేనేజరు కుర్చీ మీద కన్నేశాడు. అందుకని అన్న ఎలా చెబితే అలా, చీకటితోనే లేచి కూర్చుంటాడు. మధ్యాహ్నమయ్యేసరికి, పరుపు ఎంత మెత్తగా ఉందో చూపిస్తానంటూ కొనడానికొచ్చినవాళ్ల ముందే పడుకుని, గురక పెడతాడట. తోటివాళ్లు చెప్పుకుని నవ్వుకుంటారు.

నిజం చెప్పొద్దూ, కొంత మేలూ జరిగింది. సిగరెట్లు మానేశాడు. తడి తువ్వాలు మంచం మీద పడెయ్యడం మానేశాడు. ఇవే మాటలు పెళ్లయిన కొత్తలోనే ఆమె చెవిలో ఇల్లు కట్టుకుని మరీ పోరింది. వింటే ఒట్టు. అసలు ఆమె మాటే కాదు, ఆమె ఆఫీసుకెళ్లి చేసే టైపు పని ఏమిటో కూడా అడిగిన పాపాన పోలేదు. అలాంటివాడికి ముక్కూమొహం తెలియని అన్న చెప్పేసరికి అది వేదవాక్కయి కూర్చుంది.

పోనీ, అక్కడితో ఆగినా బాగుండేది. పోయిన వారం అన్న కొత్త అలవాటు చెప్పాడు. గొణిగేవాళ్లను దూరం పెట్టండి, వాళ్లు మీ కాళ్లకు కట్టిన బండరాళ్లు అన్నాడు. భర్త ఇల్లంతా కలయజూశాడు. వాళ్లమ్మ కనిపించింది.

అత్తగారు గొణుగుతుంది, కాదనడానికి లేదు. నీళ్లు చప్పగా ఉన్నాయంటుంది, ఫ్యాను తిరగట్లేదంటుంది, నడుం పట్టేసిందంటుంది. ఆవిడకదో కాలక్షేపం. ఎవరూ బదులు చెప్పకపోయినా ఏమీ అనుకోదు. అలాంటి మనిషిని రేపు పొద్దున బస్సెక్కించి తన అక్క ఇంట్లో దింపేసి వస్తానని భర్త తేల్చేశాడు.

"ఆ మాట మీ పేకాట బ్యాచ్ గురించి అయ్యుంటుందండీ," అంది ఆమె. "కన్నతల్లి గురించి కాదు."

"అన్న మనసులో ఏముందో నీకేం తెలుసు? దూరి చూసొచ్చావా?"

నోటిదాకా వచ్చిన జవాబును ఆమె మింగేసింది. అక్క ఇంట్లో బావగారు అత్తగారికి మెట్లకింద చోటిస్తానన్నాడని, అక్కడ ఆవిడ నిటారుగా నిలబడటానిక్కూడా వీలుండదని మాత్రం చెప్పింది. అతను గ్లాసులోని పచ్చటి రసమేదో గటగటా తాగి, ఆమె మొహం మీదే బ్రేవుమని తేన్చాడు.

"నువ్వు చెబితే ఆగను. అన్న చెప్పమను, ఆగుతా."

ఆ తేన్పు వాసనకంటే ఆ మాటే ఎక్కువ కంపు కొట్టింది ఆమెకు. ఇలాంటివాడి అద్దమా నేను రోజూ తుడుస్తున్నది అనుకుంది. అతను మాత్రం ఛాతీ విరుచుకుని, చెవుల్లో అన్నను పెట్టుకుని, దుకాణానికి వెళ్లిపోయాడు.

లోపలి గదిలో అత్తగారు బట్టల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఫ్యాను నిజంగానే తిరగడం లేదు. ఆవిడ ఆ ఊసే ఎత్తలేదు. మంచినీళ్లిస్తే మారుమాట లేకుండా తాగింది. గొణగని అత్తగారిని చూడటం ఆమెకు అదే మొదటిసారి.

"ఇక నోరెత్తనే అమ్మాయీ," అంది ఆవిడ. "మూగదానిలా పడుంటాను. కాస్త వాడికి చెప్పవూ."

ఆమె సంచి తీసుకుని, అందులోని చీరలు మళ్లీ బీరువాలో పెట్టడం మొదలెట్టింది. అత్తగారు వద్దంది. కొడుకు చూస్తే నీకు చివాట్లు తప్పవంది. అంతలోనే ఉండబట్టలేక తిట్టింది.

"ఆ అన్న ఎవడో గానీ, వాడి నోరు పడిపోను. వాడికి తల్లి లేదా?"

ఆమె చెయ్యి బీరువా అరలోనే ఆగిపోయింది. చటుక్కున తన మీద తనకే రోత పుట్టింది. చీరలన్నీ సర్ది, ఆవిడకు భోజనం మూతపెట్టి, మొహం కడుక్కుని ఆఫీసుకు బయల్దేరింది. బస్సులో పక్క సీటులో ఎవరో కుర్రది అన్ననే వింటూ బుద్ధిగా తలూపుతోంది. ఆమె మొహం తిప్పుకుంది.

ఆఫీసులో తన కంప్యూటరు ముందు కూర్చుని, రేపు తెల్లవారుజామున ఆ కంప్యూటరే మగగొంతుతో చదివి వినిపించాల్సిన అన్న పాఠాన్ని, రోజూ లాగే తనే ఆలోచించి, తనే రాసింది: "విజేతలారా, పొద్దున్నే కన్నతల్లి పక్కన కూర్చుని ఆవిడ గొణుగుడు కాసేపు వినండి, ఏకాగ్రత రెట్టింపవుతుంది."